బతికుండగా వేయించుకున్న రాళ్ళు

నల్లకొండ అడవిలో జింకలు, ఏనుగులు, గోరింకలు, కుందేళ్ళు ఉండేవి. వాటికి నాయకుడు ఒక అడవిదున్న. పేరు వీరన్న.

ఒకరోజు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందు, వీరన్న తన పక్కనుంచి పోతున్న జింకని "ఏమ్మా, పిల్లలు బాగున్నారా?" అని పలకరించాడు. జింక ఆగలేదు. తల కూడా తిప్పలేదు. పొద చాటున గడ్డి తింటున్న కుందేలు గౌరమ్మకి సరిగ్గా అప్పుడే మొదటిసారి భయమేసింది.

ఎందుకో తెలియాలంటే పదిరోజులు వెనక్కి వెళ్ళాలి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. మంచి చేసినవాళ్ళు చనిపోతే, ఇష్టమున్నవాళ్ళు తలా ఒక రాయి తెచ్చి వాళ్ళ పేరున వేస్తారు. వేశాక వెనక్కి చూడకూడదు. పోయినవాళ్ళు పిలిచినట్టు వినిపించినా పలకకూడదు. కరువులో నీళ్ళగుంట తవ్విన ఏనుగవ్వకి మోకాలెత్తు గుట్ట ఉంది. కార్చిచ్చులో దారి చూపించిన ముసలి దుప్పికి అంతకన్నా చిన్నది.

వీరన్న ఆ గుట్టల్ని చూసి, "నా పేరు ఏడు అడవుల్లో తెలుసు. వీళ్ళని పక్క అడవిలో ఎవరైనా ఎరుగుదురా?" అన్నాడు.

"ఎవరూ ఎరగరు దొరా! మీ ముందు వీళ్ళెంత?" అంది గోరింక.

"మరి నా గుట్టేదీ?"

"మీరింకా బతికే ఉన్నారు కదయ్యా," అంది గౌరమ్మ. "అది పోయినోళ్ళకి వేసేది."

"పోయాక వేస్తే నాకెలా కనిపిస్తుందే పిచ్చిదానా?"

చుట్టూ చేరిన జంతువులన్నీ గౌరమ్మని చూసి పకపకా నవ్వాయి.

వీరన్న పేరున తలా ఒక రాయి వెయ్యమని గోరింక ఏడు అడవులూ తిరిగి చాటింది. జంతువులు బారులు తీరాయి. గౌరమ్మ ఒక్కతే రాయి వెయ్యలేదు. పదోరోజుకి గుట్ట చెట్లని దాటింది. వేసినవాళ్ళంతా ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ మర్నాడే జింక పలకలేదు. తర్వాత ఏనుగులూ పలకలేదు. వీరన్న దారికి అడ్డంగా నిలబడితే, చెట్టుమొద్దుని తప్పుకున్నట్టు తప్పుకుని పోయాయి.

గోరింక చెవి దగ్గర రంకె వేశాడు. "ఒసేయ్, నేనే!"

గోరింక ఈకలు సర్దుకుని కొమ్మెక్కింది. "మన స్వర్గీయ వీరన్న గారంత గొప్పోళ్ళు ఏ కాలంలోనూ లేరు! రేపు కొత్త నాయకుణ్ణి ఎన్నుకుందాం, అందరూ రండి!"

వీరన్న గౌరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. బురదలో ఆయన గిట్టల గుర్తులు పడటంలేదు.

"అమ్మా గౌరమ్మా, నీకైనా కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారయ్యా. కొంచెం పల్చగా."

"ఆ రాళ్ళు తీసెయ్యి తల్లీ. నా కొమ్ములకి ఒక్కటీ కదలట్లేదు."

గౌరమ్మ సాయంత్రం దాకా తీసింది. పదకొండు రాళ్ళు వచ్చాయి. అంతలో దూరపు అడవి నుంచి కొంగలగుంపు దిగింది. తలా ఒక రాయి వేసి, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

గౌరమ్మ ఏనుగవ్వ గుంటలో నీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. వెనకనుంచి వీరన్న పిలుస్తూనే ఉన్నాడు. తెల్లారితే కొత్త నాయకుడు వస్తాడు.

"రాళ్ళు తీస్తూనే ఉండనా? లేకపోతే నేనూ ఒక రాయి వేసి, ఈ పిలుపు వినిపించకుండా చేసుకోనా? ఈ కథ వింటున్న పిల్లలూ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అని అడిగింది గౌరమ్మ.

నీతి: బతికుండగానే తన గొప్పకి గుట్ట కట్టించుకున్నవాడు, అందరికీ గుట్టగానే మిగిలిపోతాడు.