చెలమ దగ్గర పనస తొక్కలు

వేసవిలో ఎండిపోయిన ఇసుక వాగుకు ఎలుగుబంటి అత్త ఐదుగురు అడవి పిల్లల్ని మూడు రోజుల విడిదికి తీసుకొచ్చింది. తాగే నీళ్ల కోసం ఇసుకలో చెలమ తవ్వింది. మధ్యాహ్నం అందరూ పనసపండు తిన్నారు.

"చెలమ దగ్గర ఒక్క తొక్క కూడా ఉండకూడదు. గట్టెక్కి గొయ్యి తీసి పూడ్చండి. నేను తేనె చూసొస్తా," అని అత్త వెళ్లింది.

పిల్లలకు కాళ్లు నిలవడం లేదు. ఎప్పుడెప్పుడు వాగులోని నున్నటి బండ మీంచి జారుదామా అని ఒకటే ఆత్రం. అప్పుడే పొదలోంచి నక్క వచ్చింది.

"సెలవుల్లో కూడా చాకిరీయేనా అల్లుడూ?" అంది ముళ్లపంది పిల్లాడు గుండుతో. "పోయి ఆడుకోండి. ఇదంతా నేను తీసేస్తాగా."

"మొత్తం తీసేస్తావా మామా?" అంది కుందేలు పిల్ల చివురి.

"మామ మాట మీద నమ్మకం లేదా?"

అంతా పరుగో పరుగు. చివురి మాత్రం జారుతూ కూడా వెనక్కి చూస్తూనే ఉంది. నక్క తొనలున్న ముక్కలు ఏరుకుని, దారంతా రసం కారుస్తూ బొరియకు ఈడ్చుకుపోయింది. ఉత్త తొక్కలు చెలమ చుట్టూ అలాగే ఉన్నాయి.

చీకటిపడ్డాక వచ్చిన అత్త, "పూడ్చారా?" అని అడిగితే గుండు "ఆ" అనేశాడు. చివురికి కంటి మీద కునుకు లేదు.

తెల్లవారుజామున పనస వాసనకు అడవిపందుల మంద దిగింది. తొక్కలు నమిలి ఊసి, చెలమలో పొర్లి బురద చేసి, రసం చుక్కల వెంట వెళ్లి నక్క బొరియను మూతులతో పెళ్లగించింది. నక్క ఎలాగో తప్పించుకుని వాగులో వచ్చి పడింది.

"గుక్కెడు నీళ్లు..."

"మాకే లేవు మామా!" అన్నాడు గుండు ఏడుపు గొంతుతో.

"అత్తా, మేం పూడ్చలేదు," అనేసింది చివురి.

"కనబడుతూనే ఉంది. తవ్వండి," అంది అత్త.

ఎండ నెత్తికెక్కేదాకా తవ్వితే కొత్త చెలమలో దోసెడు నీళ్లు ఊరాయి. నక్క మూతి చాచింది. చివురి అడ్డం నిలబడింది.

"ముందు ఆ తొక్కలు, మామా. తీసేస్తానన్నావుగా."

"నా ఇల్లే పోయింది, ఇప్పుడు తొక్కలా?"

"మేమూ మోస్తాం. తిన్నది మేమేగా."

నక్క దిక్కులు చూసింది. బురద కారుతున్న తొక్కను పళ్లతో పట్టుకుని, పిల్లల మధ్య గట్టెక్కింది. ఏదో అనబోయింది గానీ నోరు ఖాళీగా లేదు.

నీతి: మనం తిని ఆడిన చోటును శుభ్రం చేయాల్సింది మనమే, ఇంకొకరి మాట నమ్మి వదిలేయకూడదు.