మద్దిలేటికి వేసిన తాళం

"సామీ, నా వెనక వచ్చినోడు నాకంటే ముందుకు ఎట్లా పోతాడు?" అని మద్దిలేటి తనను చూడవచ్చిన గురువును అడిగినాడు. అడిగింది భజన సంగతి కాదు. పక్షవాతం వచ్చి, కర్నూలులో ఒక ఆసుపత్రిలో నడక మిషను మీద నిలబడి, పక్క మిషను మీది మనిషిని గడ్డంతో చూపిస్తూ అడిగినాడు.

గురువు పేరు సుంకన్న. చెక్కభజన నేర్పడంలో ఆ పక్క ఊళ్ళలో ఆయనకు సాటి లేదు; ఉందనేవాళ్ళు ఆయన దగ్గర అడుగు నేర్వలేక పోయినవాళ్ళు. మద్దిలేటి ఇరవై రెండేండ్లు ఆయన వరుసలో మొదటి మనిషి. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయిన నెలకే ఆ చోట పుల్లన్న నిలబడినాడు. "తిరునాళకు నీ కాళ్ళతో నువ్వు నడిచి రా, నీ చోటు నీదే" అని గురువు మాట ఇచ్చినాడు. తిరునాళకు ఇంక నలభై దినాలు. అందుకే మద్దిలేటి రోజూ పైనుంచి వేలాడే బెల్టులు నడుముకు కట్టించుకొని, కింద పట్టా జరుగుతుంటే దాని మీద అడుగులు వేస్తున్నాడు. ఆసుపత్రిలో నడక నేర్పించే ఎస్తేరమ్మ చెప్పినవన్నీ చేస్తాడు, ఒక్కటి తప్ప. ఎదుటి అద్దంలో నీ కాలు చూసుకో అంటే పక్కవాని కాలు చూస్తాడు.

పక్కవాడు రహంతుల్లా. బస్సు కండక్టరు పని చేసి రిటైరైనాడు, వానికీ పక్షవాతమే. మద్దిలేటి కంటే మూడు వారాలు వెనక చేరినా, వాని మిషను మీద వేగం చెప్పే ఎర్ర అంకె రెండు చూపిస్తుంది. మద్దిలేటిది ఇంకా ఒకటికి రాలేదు. పైగా వాడు నడుస్తూ తమాషాలు గూడా ఆడతాడు. "అమ్మా, ఈ బస్సు ఇంతసేపు పోయినా ఒక్క స్టేజీ రాదేమి?" అంటాడు. గదిలో అందరూ నవ్వుతారు. మద్దిలేటి ఒక్కడు నవ్వడు. వాని బూట్లు కొత్తవి. వాని పెండ్లాం తెచ్చే జావ ఘుమఘుమ వాసన వస్తుంది. అవి గూడా మద్దిలేటి కంటికి వాని తప్పులే.

గురువు ఆ మిషనునూ ఈ మిషనునూ చూసినాడు. "ముందుకు ఎవరు పోయినారప్పా? నాకు ఇద్దరూ ఆడనే కనిపిస్తున్నారు" అన్నాడు. అంతకుమించి వాదం పెట్టుకోలేదు. సంచిలోనుంచి భజన చెక్కలు తీసి, స్టూలు మీద కూర్చొని, మద్దిలేటి పట్టా జరిగే నిదానానికి సరిగా తాళం వేయసాగినాడు. ఎస్తేరమ్మ వద్దనలేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగు నెలల తర్వాత ఆ చప్పుడు చెవిన పడేసరికి మద్దిలేటి అద్దం మరిచిపోయినాడు. ఈడ్చుకుంటూ వచ్చే ఎడమ కాలు లేచి మడమ మోపింది. ఒక్కసారి కాదు, వరుసగా తొమ్మిది సార్లు.

అప్పుడు రహంతుల్లా, "అమ్మా, నా మిషను ఆ తాళానికి సరిపోయేట్టు తగ్గించు. జోరుగా పోతున్నానే గానీ కాలు గీసుకుంటానే ఉంది" అన్నాడు. ఎస్తేరమ్మ తగ్గించింది. రెండు ఉన్న అంకె మద్దిలేటి అంకె దాకా దిగింది. వాడు నాలుగు అడుగులు తడబడి, ఐదో అడుగుకు తాళం అందుకున్నాడు. బూటు గీసుకునే చప్పుడు ఆగిపోయింది. "పెద్దాయనా, మీ చేతిలో ఏముందో గానీ నా కాలికి తెలుస్తా ఉంది" అన్నాడు.

ముందు పోయినవాడు దిగివచ్చి తన పక్కన నిలిచినందుకు మద్దిలేటి సంతోషపడవలసింది. పడలేదు. ఇరవై రెండేండ్లు తిట్లు తిని, వేళ్ళు కాయలు కాసి సంపాదించుకున్న తాళం అది. గురువు కాళ్ళకు ఒక్కనాడు మొక్కనివాడు దాన్ని పుణ్యానికి దొరికినట్టు వాడుకుంటున్నాడు. మద్దిలేటి చూపు మళ్ళీ అద్దంలోకి పోయింది. వాని మడమ తన మడమకంటే ముందు ఆనుతోందా అని చూస్తుండగానే తన అడుగు తప్పింది. ఎడమ కాలు వెనక్కి జారి, మనిషి బెల్టులకు వేలాడినాడు. ఎస్తేరమ్మ పట్టా ఆపింది.

"సామీ, ఆ తాళం నాకు వేసిందా, వానికా?"

"నీకే."

"మరి వాడెందుకు నడుస్తాడు?"

గురువు చెక్కలు మూసి ఒడిలో పెట్టుకున్నాడు. తాళం ఆగేసరికి రహంతుల్లా బూటు మళ్ళీ గీసుకోసాగింది. ఎస్తేరమ్మ మద్దిలేటిని నిలబెట్టి, అదే నిదానంలో పట్టా కదిలించింది. ఎడమ కాలు తడిసిన మూటలాగా వెనకనే ఉండిపోయింది. గదిలో రెండు కాళ్ళు ఈడ్చుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడు నీకు సరిగా ఉందా?" అని గురువు అడిగినాడు.

మద్దిలేటి పక్క మిషను దిక్కు చూసినాడు. రహంతుల్లా ఈ పక్కకు చూడను గూడా లేదు. కమ్మీ పట్టుకొని తన కాలు తాను చూసుకుంటూ ఈడ్చుకుంటున్నాడు. "ఈ పూటకు ఇంక ఐదు నిమిషాలే అన్నా" అన్నది ఎస్తేరమ్మ. మద్దిలేటి కళ్ళ ముందు తిరునాళ మెదిలింది. వరుస మొదట్లో పుల్లన్న వీపు మెదిలింది. చివరకు, "కొట్టండి సామీ. వాడు గూడా నడిస్తే నడవనీ" అన్నాడు.

గురువు చెక్కలు చేతికి తీసుకున్నాడు. కొట్టలేదు.

"నడవనీ అనే ఆ రెండో మాట లేకుండా అడుగు" అన్నాడు.