సిగరెట్ పెట్టెల్లో దొరికిన దేశాలు

వచ్చిన అతిథి రెండు రోజులుగా కంచం ముందు కూర్చుని లేస్తున్నాడే గాని, కడుపునిండా తినడం లేదు. అదీ మదార్ దిగులు.

బందరు రేవుకు ఓడలొచ్చే కాలం అది. గౌస్ పీర్ సాహెబ్ ఇంట్లో అతిథి పస్తున్న రోజు లేదు. అతిథుల్ని చూసుకునే పని ఆయన శిష్యుడు మదార్‌కి కొత్తగా వచ్చింది. అదీ తానే అడిగి తీసుకున్నాడు. అడగడా మరి? సిగరెట్ పెట్టెల్లో వచ్చే రంగుల బొమ్మకార్డులు రేవంతా తిరిగి ఏరి, యాభై పోగేశాడు. కార్డుకొక దేశం. పైన జెండా, పక్కన ఆ దేశపు జంతువు, నడుమ ఆ దేశపు మనిషి.

"ఏ దేశంవాడొచ్చినా నాకు కొత్త కాదు హజ్రత్" అనేవాడు గురువుగారితో. బందరు దాటి ఎరగడు మహానుభావుడు!

ఈ అతిథిది ఈజిప్టు. ఓడలో పనివాడు, నాలుగు ముక్కలు హిందుస్తానీ వచ్చినవాడు. మదార్ కార్డు తీసి చూశాడు. నెలవంక జెండా, ఒంటె, ఇసుకలో కూర్చున్న మనిషి. వెంటనే మూడు తట్టల ఇసుక తెచ్చి అతిథి గదిలో పరిచాడు. పూటపూటా ఖర్జూరాలు, ఒంటెపాలు దొరక్క మేకపాలు. పాపం, అతిథి మొహమాటస్తుడు. "షుక్రియా" అని రెండు పళ్లు నోట్లో వేసుకునేవాడు.

మూడో రోజు పొద్దున, ఆ సాయంత్రమే ఓడ బయలుదేరుతుందని తెలిసింది. మదార్ గాభరాగా గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"ఆయన ఆకలితోనే ఓడెక్కేలా ఉన్నాడు హజ్రత్. కార్డులో ఉన్నదంతా చేశాను. లోపం ఎక్కడుందో తెలియడం లేదు."

"ఆ కార్డులు ఇలా ఇచ్చి, కాళ్లు కడుక్కురా. ముందు నువ్వు భోంచెయ్యి" అన్నారు పీర్ సాహెబ్.

మదార్ తిరిగొచ్చేసరికి తాను రోజూ కూర్చునే చోట చాప లేదు. తుమ్మకంప పరిచి ఉంది.

"మేకులు దొరకలేదు బేటా. ఈ పూటకి కంపతో సర్దుకో. పాము కోసం మనిషిని పంపాను" అని పీర్ సాహెబ్ ఒక కార్డు చూపించారు. అది హిందూస్తాన్ కార్డు. వెనక ఏనుగు, మెడలో పాముతో మేకుల మీద కూర్చున్న గడ్డం మనిషి.

మదార్‌కి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఈ బొమ్మ వేసినవాడు మన గడప తొక్కి ఉండడు హజ్రత్! మన సంగతి వాడికేం తెలుసు?"

పీర్ సాహెబ్ ఆ కార్డు పక్కన ఈజిప్టు కార్డు పెట్టారు.

మదార్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి అతిథి గదికి వెళ్లాడు.

"భాయ్, ఇన్నాళ్లూ మీ పేరే అడగలేదు. మీ పేరేమిటి? ఏం తింటారు?"

అతిథి మొహం విప్పారింది. "ఇబ్రహీం. మాది సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు. పొద్దున్నే మీ వీధిలో చేపల గంపలు పోతుంటే ప్రాణం లాగేస్తోంది భాయ్. ఇక్కడ అన్నంలోకి చేపలు పెడతారా?"

బందరులో అడగాల్సిన మాటేనా అది! మదార్ చెప్పులైనా తొడుక్కోకుండా బజారుకి పరుగెత్తాడు.