సన్యాసిరావు వంతు

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "కూర్చో" అంటారు. హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన రోజుల నుంచీ అదే అలవాటు. కూర్చున్నవాడి ఎదుట కాసేపట్లో ఏదో ఒకటి జరుగుతుంది. జరిగినదాన్నే జవాబుగా పట్టుకుపొమ్మంటారు. ఏమీ జరగకపోతే మజ్జిగ తాగి ఇంటికి పోవలసిందే. నలభై దాటినా మేం ఇంకా ఆదివారాలు విజయనగరంలో ఆయన వసారాలో చేరి ఉపనిషత్తులు వింటున్నామంటే, అర్థమై కాదు, ఆ అలవాటు మీద గురి కుదిరి.

ఆ రోజు ఆదివారం కాదు. పొద్దున్న ఆరింటికి గౌరునాయుడు నన్ను వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులైనా సరిగా విడవకుండా అడిగేశాడు.

"మాస్టారూ, నానేటి తప్పు సేసినానండి? మంచి సేస్తే మనిషికి కోపమెందుకొస్తాదండి?"

"కూర్చో" అన్నారు మాస్టారు.

జరిగింది ఇది. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా మేం ఐదుగురు మిత్రులం సైకిళ్ల మీద బయల్దేరాం. తలసేమియా పిల్లలని ఉంటారు. మూడు నాలుగు వారాలకోసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కితే తప్ప నిలబడలేరు. వాళ్ల కోసం దారి పొడుగునా ఊళ్లలో ఆగి రక్తదాతల పేర్లు రాయించుకోవడం మా పని. మాలో సన్యాసిరావు కూతురు జాహ్నవి అలాంటి పిల్లే. దానికి తొమ్మిదేళ్లు. గౌరునాయుడు దానికి చాలాసార్లు రక్తం ఇచ్చాడు.

దూరం తొక్కేవాళ్లకి ఒక పద్ధతుంది. ముందు తొక్కేవాడు ఎదురుగాలిని ఛాతీతో కోస్తాడు. వెనకవాళ్లు అతని చాటున కాస్త తేలిగ్గా వస్తారు. అందుకని వంతులు పెట్టుకున్నాం: మనిషికి ఐదు కిలోమీటరు రాళ్లు, ఆ తరవాత పక్కకి తప్పుకుని చివరికి పోవాలి. గౌరునాయుడిది సిమెంటు కొట్టు. ఎదుటివాడి నెత్తిన బస్తా కనిపిస్తే తన భుజం ఊరుకోదు. మూడోరోజు గాలి మొహం మీద కొట్టింది. సన్యాసిరావు వంతు వచ్చేసరికి అతను రొప్పుతున్నాడు. "నువ్వెనక్కుండు బావా, నాను లాగేస్తాను" అని గౌరునాయుడు ముందుకి దూసుకుపోయాడు. సన్యాసిరావు ఏదో అన్నాడు. గాలిలో వినిపించలేదు.

ఆ ఐదు రాళ్ల మధ్యలోనే సన్యాసిరావు ఊరు ఉంది. రోడ్డు పక్క అతని భార్య, ఇరుగుపొరుగు, ముందు వరసలో జాహ్నవి. నాన్నే ముందు వస్తాడని బళ్లో అందరికీ చెప్పుకుందట. గౌరునాయుడికి చప్పట్లు కొట్టింది, నాకూ కొట్టింది, నా వెనక ఇద్దరికీ కొట్టింది. చివర్న వచ్చినవాణ్ణి చూసి చేతులు దించేసింది.

ఆ రాత్రి విజయనగరంలో ఆగాం. తెల్లారేసరికి సన్యాసిరావు హేండిలుకి కట్టిన జెండా విప్పి మడతపెట్టి నాకిచ్చి, ఏడున్నర బస్సుకి ఇంటికి పోతానని సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం బస్సెక్కి పోతోంది. గౌరునాయుడి కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

మాస్టారు అంతా విన్నారు. ఈలోగా వంటింటి గడప దగ్గర మాస్టారి భార్య వకుళమ్మగారు కనిపించారు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఆవిడకి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడిప్పుడే తిరిగి స్వాధీనంలోకి వస్తోంది. ఆ చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, దాన్నే చూసుకుంటూ, అడుగు తీసి అడుగు వేస్తూ వస్తున్నారు. గ్లాసు వణుకుతోంది. సగం దూరం దాటారో లేదో మా గౌరునాయుడు ఒక్క ఉదుటున లేచి, "అయ్యో అమ్మగారూ, మీకెందుకండీ శ్రమ!" అంటూ గ్లాసు లాక్కున్నాడు.

ఆవిడ ఖాళీ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఇంకో నాలుగడుగులే కదా నాయనా" అన్నారావిడ. "మూణ్ణెల్ల నుంచి నేర్చుకుంటున్నాను."

కోప్పడి ఉంటే బాగుండును. ఆవిడ గ్లాసు వెనక్కి పుచ్చుకుని, మెల్లగా గడప దాకా వెళ్లి, అక్కడ మళ్లీ ఇటు తిరిగి, మొదటినుంచీ నడుచుకుంటూ వచ్చారు. గౌరునాయుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు చేతికి అందేదాకా తల ఎత్తలేదు. కాఫీ చల్లారిపోయింది, కొంత తొణికింది కూడా. అమృతంలా తాగాడు. మాస్టారు గోడ గడియారం వైపు చూశారు. ఏడూ పది.

మిగతా ఇద్దరినీ పిలుచుకుని మేం బస్టాండుకి వెళ్లేసరికి సన్యాసిరావు సైకిలు ఇంకా బస్సు మీదికి ఎక్కలేదు, నేల మీదే ఉంది. గౌరునాయుడు జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. ఎదురుగా వెళ్లి నిలబడి అన్నాడు:

"బావా, నీ వంతు లాక్కున్నాను. తప్పు నాది. ఇయ్యాల నువ్వు ముందుండు, నీ ఎనకాల వస్తాం."

సన్యాసిరావు బస్సు వైపు చూశాడు. "నా పిల్లకి ఊరంతా ఇచ్చినోళ్లే బావా. నానొక్కడినే అందరి దగ్గరా సెయ్యి సాపినోణ్ణి. నిన్న ఒక్క అరగంట..." అని ఆగిపోయాడు. తరవాత జెండా కోసం నావైపు చెయ్యి చాపాడు. "నాకు దమ్ము సాలదు, మెల్లగా ఎల్తాను. ఐదు రాళ్లే గదా?"

"ఇశాపట్నం దాకా" అన్నాడు గౌరునాయుడు. "జానూకి ఫోన్ సెయ్యి. ఆళ్లమ్మతో బస్సెక్కి బీచికి రమ్మను."

విశాఖ రోడ్డు మాస్టారి ఇంటి ముందునుంచే పోతుంది. సన్యాసిరావు ముందు, మేం వెనక. అతని వేగానికి తోపుడుబండి కూడా మమ్మల్ని దాటిపోయింది. గౌరునాయుడి కాళ్లు ఆగడం లేదు. ముందు చక్రం పోయి సన్యాసిరావు చక్రానికి తగలబోతోంది, లాక్కుంటున్నాడు, మళ్లీ పోతోంది. గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. సన్యాసిరావు తల పంకించి, మొహమంతా నవ్వుతూ దాటిపోయాడు.

గౌరునాయుడు చెమటలు కక్కుతూ అరిచాడు. "మాస్టారూ! ముందు తొక్కడమే నయమండి. ఇది శానా కష్టంగా ఉందండి!"

"ఉంటుంది" అన్నారు మాస్టారు. "బ్రేకు మీంచి చెయ్యి తియ్యకు."