కుందేలు కట్టిన గట్టు

ఉసిరికోన అడవిలో ఒక కొండవాలు ఉంది. ఆ వాలు మీద కుందేలు, ముళ్లపంది, ఉడుత, అడవిపంది తలా ఒక పొలం చెక్కలో కొర్రలు పండించుకునేవి. అన్నిటికన్నా పైచెక్క అడవిపందిది. దాని కిందది కుందేలుది.

వాలు మీద వాన నిలిచేది కాదు. పడ్డ చినుకు పడ్డట్టే కిందికి జారిపోయేది. వరసగా రెండేళ్లు పంట ఎండిపోయింది. కుందేలు దగ్గర గుప్పెడు విత్తనాలే మిగిలాయి. అవే చల్లింది. ఈ పంట కూడా పోతే దాని పిల్లలకు వచ్చే ఏడు తిండి లేదు.

మొలకలు వచ్చాక ఒక చిన్న జల్లు పడింది. మర్నాడు చూస్తే చేనంతా పొడిగానే ఉంది. ఒక్కచోట మాత్రం వాలుకు అడ్డంగా ఎండుకొమ్మ పడి ఉంది. దాని పైపక్క మట్టి తడిగా ఉంది. అక్కడి మొక్కలు నవనవలాడుతున్నాయి.

ఇక కుందేలుకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఉపాయాన్ని దాచుకుందామన్న ఆలోచనే దానికి రాలేదు. చెక్కచెక్కకూ పరుగెత్తింది.

"వాలుకు అడ్డంగా గట్టు వేస్తే నీళ్లు ఆగుతాయి. రండి, చూపిస్తాను" అంది.

ముళ్లపంది వచ్చి చూసింది. "వట్టి మట్టిగట్టు పెద్దవానకు తెగుతుంది అమ్మాయ్. రాళ్లు పేర్చుదాం" అంది.

"రాళ్ల సందుల్లో గడ్డి నాటితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అత్తా" అంది ఉడుత.

ఈ రెండు మాటలూ కుందేలుకు తట్టనే లేదు. దాని సంతోషం రెట్టింపయింది. ఒకరోజు అందరూ ఒకరి చేలో, మర్నాడు ఇంకొకరి చేలో గట్లు వేశారు.

కుందేలు పైచెక్కకు కూడా వెళ్లింది. "పంది మామా, నువ్వూ రా. నీ చేలో పనికి మేమంతా వస్తాం."

అడవిపంది మూతి విరిచింది. "నా ముట్టె ఒక్కటి చాలు, ఈ కొండనే తవ్వేస్తాను. మీ బొమ్మరిల్లు ఆటకు నేను రావాలా?" అంది. కొండ తవ్వగల ఆ మొనగాడు గట్టు మాత్రం వేయలేదు.

నెల తిరగకుండానే కుండపోత వాన వచ్చింది. పందిచేను మీంచి ఎర్రటి బురదనీరు దూకింది. కుందేలు గట్టు ఒకచోట జారసాగింది.

"గట్టు తెగుతోంది, రండి" అని కేకేసింది.

కేక పూర్తికాకముందే ముళ్లపంది రాళ్లు దొర్లించుకొచ్చింది. ఉడుత గడ్డి తెచ్చి సందుల్లో కూరింది. గట్టు నిలిచింది.

వాన వెలిశాక చూస్తే పందిచేలో రాళ్లు తేలి ఉన్నాయి. మట్టంతా మొక్కలతో సహా కొట్టుకొచ్చి కుందేలు గట్టు వెనక మేట వేసింది.

పంది గుర్రుమంటూ దిగి వచ్చింది. "అది నా మట్టి. ఇచ్చేయండి."

"తీసుకో మామా, పైకి మోసి పెడతాం కూడా" అంది కుందేలు. "కానీ నీకు గట్టు లేకపోతే వచ్చే వానకు అది మళ్లీ మా దగ్గరికే వస్తుంది."

పంది మట్టి తీసుకోకుండానే విసవిసా పైకి వెళ్లిపోయింది.

ఆ ఏడు కుందేలు చేలో వెన్నులు బరువుకు వంగిపోయాయి. పందికి ఒక్క గింజ దక్కలేదు. కోతలయ్యాక కుందేలు దానికి గుప్పెడు విత్తనాలు పంపింది. మర్నాడు గట్లు సరిచేసే పనికి అందరికన్నా ముందు వచ్చి నిలబడింది పంది.

నీతి: తెలిసిన ఉపాయాన్ని పొరుగువారితో పంచుకుంటే అది ఇంకా మెరుగవుతుంది, పొరుగువారిని కాదనుకుంటే ఎంత బలమున్నా పంట నిలవదు.