పడవ దగ్గరి పిలుపు

పొద్దున్న ఏడు గంటల వేళ. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. గోదావరి పాయ సముద్రంలో కలవబోయే చోట, మడ అడవి మొదట్లో ఉన్న రేవులో నిలబడి ఇందుమతి ఒక ప్రశ్న అడిగింది.

అడిగింది భ్రమరాంబగారిని. ఆవిడ ఒకప్పుడు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఉద్యోగం మానాక, అడవి చూడాలనుకునే నలుగురిని వెంటబెట్టుకుని అప్పుడప్పుడూ తీరం వెంట ఇలా తిప్పుతుంటారు. ఆవిడతో నడిచేవాళ్ళకి నియమం ఒక్కటే: పడవ దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా నోరు విప్పకూడదు. ఫోన్లు సంచిలో వేసి పడవలోనే వదిలెయ్యాలి. అడవి సంగతి అడిగితే చెట్లు చూపిస్తారు. బతుకు సంగతి అడిగినా చాలాసార్లు చెట్లే చూపిస్తారు.

"టీచరుగారూ," అంది ఇందుమతి, కూతురికి వినపడకుండా. "దీనితో నేను పది మాటలంటే అది ఒక్క మాట అనదు. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంతే. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, ఊఁ అంటుంది, పెట్టేస్తుంది. గోడకి చెప్పుకున్నట్టే ఉంటుంది. ఇక నేను పిలవడం మానుకుంటే మంచిదేమో?"

భ్రమరాంబగారు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నారు. "పడవెక్కమ్మా. పోటు ఎక్కేలోపు తిరిగి రావాలి."

ఆ కూతురు ప్రణీత. విశాఖలో ఉద్యోగం. తల్లి బతిమాలగా బతిమాలగా వచ్చింది. పడవలో తల్లి పక్కన చోటున్నా ఎదురుగా కూచుంది. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు, రామలింగంగారూ శకుంతలగారూను. పడవ నడిపేది పేర్రాజు.

"రెండు గంటలు మౌనమట," అన్నారు రామలింగంగారు. "మా ఆవిడకి ఇంతకన్నా పుణ్యక్షేత్రం లేదండీ."

"ఆయన గురక మౌనంలోకి వస్తుందో రాదో అడగండి ముందు," అన్నారు శకుంతలగారు, జంతికల డబ్బా మూత తీస్తూ.

పేర్రాజు నవ్వాడు. "అరిసేవోళ్ళెవరూ ఈ అడివిలో సేపలు పట్టే బావురుపిల్లిని సూళ్ళేదండి."

"పాపా, ఆ అంచున కూచోకే," అంది ఇందుమతి.

"అమ్మా. అడుగడుక్కీ పిలవకు. నలుగురున్నారు."

ఆ తరవాత నియమం అక్కర్లేకుండానే ఇందుమతికి మౌనం కుదిరింది.

పడవ దిగి గట్టు వెంట నడిచారు. గట్టుకి రెండు పక్కలా బురదలోంచి మడచెట్ల వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అడుగు చప్పుడుకి ఎర్ర పీతలు బొరియల్లోకి జారిపోతున్నాయి. ఒకరి వెనక ఒకరుగా నడక. చివర ప్రణీత. దారి మలుపు తిరిగే చోట ఇందుమతి వెనక్కి చూసింది. ప్రణీత వంగి బురదలో ఏవో అడుగులు చూస్తోంది. తాజా అడుగులు, బావురుపిల్లివే అయ్యుండాలి. వాటి వెంట గట్టు దిగి చెట్లలోకి నడుస్తోంది. పేరు ఇందుమతి గొంతుదాకా వచ్చింది. నియమం ఒకటి ఉంది. పడవలో కూతురన్న మాట ఒకటి ఉంది. గొంతులో పేరుని మింగేసింది. ఇంకో నాలుగడుగులు వేసి చూస్తే చెట్లే ఉన్నాయి.

అంతలో సముద్రం మీంచి సన్నటి జల్లు దిగింది. దానితోపాటు పొగలాంటి మసక. భ్రమరాంబగారు చెయ్యెత్తి అందరినీ వెనక్కి తిప్పారు. కూతురు తమకన్నా ముందే పడవ చేరుకుని ఉంటుందనుకుంది ఇందుమతి. పడవ దగ్గరికి చేరేసరికి పోటు మొదలైంది. మేకుల్లాంటి వేళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలో మునుగుతున్నాయి. ప్రణీత రాలేదు.

ఇందుమతి చెప్పులు విడిచేసింది. గట్టు దిగబోయింది.

"ఆగండమ్మా," అన్నాడు పేర్రాజు. "ఈ పాయల్లో ఒకరి కోసం ఒకరెల్తే ఇద్దర్నీ ఎతకాలండి."

"అది నా కూతురయ్యా."

"ఇందుమతీ," అన్నారు భ్రమరాంబగారు. తన నియమాన్ని తానే అలా తీసేశారు. "నువ్వు ఇక్కడే నిలబడు. నిలబడి పిలువు. పీతలకి వెళ్ళేవాళ్ళ పద్ధతి ఇదే. ఒకరు పడవ దగ్గరుండి పిలుస్తూనే ఉంటారు. ఆ గొంతు ఉన్నచోటి నుంచి కదలకూడదు."

"కదిలిందంటే లోపలోళ్ళు తోవ తప్పుతారండి," అన్నాడు పేర్రాజు.

ఇందుమతి పిలిచింది. "ఎక్కడున్నావే? ఎటు పోయావు? చెప్పకుండా అలా ఎలా వెళ్ళిపోతావే?"

"ప్రశ్నలొద్దు. పేరు చాలు," అన్నారు భ్రమరాంబగారు.

ఇందుమతి ఒక్క క్షణం ఆగింది. తిన్నావా, ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు, ఎందుకు మాట్లాడవు. ఇన్నేళ్ళూ కూతురి పేరు వెనకాల ఏదో ఒక ప్రశ్న తగిలించకుండా తను పిలిచిందే లేదు. ఉత్త పేరు పలకడం కొత్తగా ఉంది.

"ప్రణీతా."

మసకలోకి వెళ్ళిపోయింది ఆ పేరు. తిరిగి ఏమీ రాలేదు.

"ప్రణీతా."

"పలకదేంటండీ?" అన్నారు శకుంతలగారు. భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నారు.

"పలకరండి," అన్నాడు పేర్రాజు. "బురదలో నడిసేవోళ్ళకి ఊపిరి నడకకే సాలదు. పలకరు. ఇంటారు."

ఇందుమతి పిలుస్తూనే ఉంది. చుట్టూ నలుగురున్నా ఆ గొంతుకి తోడు లేదు. మొగుడు పోయిన ఇంట్లో, రాత్రి తలుపు గడియ పెట్టాక తనలో తను మాట్లాడుకునే గొంతే ఇది. ఇప్పుడు ఆరుబయట మోగుతోంది, అంతే తేడా. నీళ్ళు గట్టు అంచుని తాకాయి. ఎడమ పక్క చెట్లలో ఏదో చప్పుడైంది. ఇందుమతి అటు పరుగెత్తబోయింది. భ్రమరాంబగారు ఆమె భుజం గట్టిగా పట్టుకున్నారు. చెట్లలోంచి నున్నటి ఒంటి నీటికుక్క ఒకటి ఈదుకుంటూ వచ్చి, వాళ్ళని చూసి, మునిగిపోయింది.

అప్పుడు ఇందుమతి పిలవడం ఆపేసింది. వింటోందో లేదో తెలీని మనిషిని ఎంతసేపని పిలవడం? జల్లు చప్పుడు తప్ప మరేమీ లేదు. భ్రమరాంబగారు భుజం మీద చెయ్యి తియ్యలేదు.

కాసేపటికి ఇందుమతి మళ్ళీ పిలిచింది. "ప్రణీతా."

కుడి పక్క, ఎవరూ చూడని వైపు, కొమ్మలు కదిలాయి. ప్రణీత వచ్చింది. నడుందాకా బురద. చెంప మీద గీరుకుపోయిన గీత. పేర్రాజు దిగి చెయ్యందించాడు.

ఇందుమతి తిట్టలేదు. కొంగుతో కూతురి మొహం తుడిచింది. ఉండబట్టలేక, "అన్నిసార్లు పిలిచాను, వినపడలేదా?" అంది.

"వినపడుతూనే ఉందమ్మా. నిలబడి అరిస్తే కాళ్ళు దిగబడిపోతున్నాయి."

పడవలో ప్రణీత ఈసారి తల్లి పక్కన కూచుంది. నీళ్ళకేసి చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు, "మధ్యలో ఒకసారి ఆపేశావు. అప్పుడు భయమేసింది," అంది.

శకుంతలగారు జంతికల డబ్బా తీసి, మళ్ళీ మూసేశారు.

పడవ కదిలింది. ఇందుమతి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పేర్రాజు. ఒకే తువ్వాలు కప్పుకుని రామలింగంగారూ శకుంతలగారూ. టీచరుగారు. ప్రణీత. తను. అందరూ ఉన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ మొదలుపెట్టింది. పేర్రాజు, రామలింగంగారు, శకుంతలగారు. రేవు కనబడేదాకా వేళ్ళు ముడుస్తూనే ఉంది, పెదవులు కదుపుతూనే ఉంది. పక్కన కూతురు చలికి వణుకుతోంది.

భ్రమరాంబగారు చెయ్యి చాపి ఆ ముడిచిన వేళ్ళని విప్పారు.

"లెక్క సరిపోయిందిగా, తల్లీ. ఇంక మనిషిని చూడు."