మట్టిపాలు చేసిన గింజలు

రెండు దేశాల నడుమ పారే ఏటి గట్టున ఒక నేరేడు తోపు. ఆ తోపులో చారలమ్మ అనే ఉడుత ఉండేది. తల్లి లేని ఆ పిల్లకు పెద్దదిక్కు పచ్చవ్వ అనే పావురం. అవ్వ ఏటేటా అవతలి దేశం నుంచి ఎగిరొచ్చి నాలుగు నేరేడు గింజలు ముందు పెట్టేది.

"మా గట్టు కాయ చిన్నది, వగరు. అయినా ఎండకు తట్టుకుంటుందే తల్లీ. దాచుకో."

ఓ ఏడు అవ్వ గింజలతో వచ్చిన రోజునే జంబయ్య నక్క పంచాయితీ పెట్టాడు.

"నా గుహ ముందున్న చెట్టు కాయ చూశారా? కోడిగుడ్డంత! ఇకనుంచి తోపంతా దాని గింజలే నాటాలి. మిగతా చెట్లు కూల్చేద్దాం."

అడవంతా తన గుమ్మం ముందు గింజల కోసం పడిగాపులు పడాలన్నది వాడి ఎత్తు. తీపి మాట వినగానే ఎలుగ్గొడ్డు బొచ్చయ్య లొట్టలేశాడు.

"మరి అవ్వ తెచ్చిన గింజలో?" అంది చారలమ్మ.

"పరాయి దేశపు వగరు కాయలు మనకెందుకే? మట్టిపాలు చెయ్!" అన్నాడు జంబయ్య.

అందరూ గొల్లుమన్నారు. పచ్చవ్వ తల దించుకుంది. "పోనీలే తల్లీ, నా మూలాన నీకు మాట రాకూడదు" అంటూ రెక్క విప్పింది.

చారలమ్మ అవ్వకు అడ్డు నిలిచింది. "ఉండవ్వా! మామ మట్టిపాలు చెయ్యమన్నాడుగా, చేస్తాను" అని, అందరూ చూస్తుండగానే ఒక్కో గింజనూ ఏటి వాలులో గుంట తీసి పూడ్చింది. తన మాటే నెగ్గిందని జంబయ్య మీసం దువ్వాడు.

ఏళ్లు గడిచాయి. తోపంతా ఒకే రకం చెట్లు. ఓ ఏడు వానల్లేవు, వేరుపురుగూ పట్టింది. ఒక చెట్టుకు తగులుకున్న తెగులు అన్నిటినీ చుట్టేసింది. వాలులోని వగరు నేరేళ్లు మాత్రం పచ్చగా నిలిచాయి.

జంబయ్య పిల్లల్ని వెంటేసుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"రా మామా, ముందు పిల్లలకు పెట్టు" అంది చారలమ్మ. వగరుకు మొహం చిట్లించుకుంటూనే పిల్లలు ఆబగా తిన్నాయి.

అప్పుడే పచ్చవ్వ మసిబారిన రెక్కలతో వచ్చి వాలింది. "కార్చిచ్చు తగిలిందే తల్లీ! మా గట్టున ఒక్క నేరేడూ మిగల్లేదు."

చారలమ్మ గబగబా గింజలు ఏరి ఆకులో మూటగట్టింది. కాలిన రెక్కలతో అవ్వ ఆ మూట మోయలేదు, మరి ఏరు దాటేదెలా? జంబయ్య మెల్లగా వచ్చి వీపు వంచాడు.

"ఎక్కు తల్లీ. నేను ఈదుతాను."

ఏ గట్టున కాసినదైనా సరే, అన్ని రకాల గింజలకూ చోటిచ్చిన అడవే కష్టకాలంలో అందరి కడుపూ నింపుతుంది.